లాంచర్‌లో వెనక్కి పిలిచేవాళ్ళుండరు

మా బట్టల కొట్లో బిల్లింగు కంప్యూటర్ తెర మీద రెండే గుర్తులుంటాయి. ఒకటి బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్‌ది. రెండోది ఒక ఆటల కంపెనీ వాళ్ళ లాంచర్‌ది. మొదటిది మాకు అన్నం పెడుతుంది. రెండోది ఏం పెడుతుందో నలభై రెండేళ్ళు వచ్చినా నేను సరిగ్గా చెప్పలేను. మొదట్లో మా ఆయన అడిగితే "అది యాంటీవైరస్" అని చెప్పాను. ఆయన చాలా నెలలు నమ్మాడు. యాంటీవైరస్ మధ్యాహ్నం పూట సన్నాయి ఎందుకు వాయిస్తోందని ఒకరోజు అడిగేసరికి నా గుట్టు బయటపడింది.

లాంచర్ అంటే తెలియనివాళ్ళకు చెప్పాలంటే, ఆ కంపెనీ ఆటలన్నిటికీ అదొక్కటే గుమ్మం. ఆట కొనాలన్నా, కొన్న ఆట తెరవాలన్నా దాన్లోంచే పోవాలి. కుడి పక్కన మన స్నేహితుల పేర్లు వరసగా ఉంటాయి. ఎవరైనా వస్తే వాళ్ళ పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతుంది. వాళ్ళకు నాలుగు మాటలు రాయొచ్చు, ఆటకు పిలవచ్చు. ఇవన్నీ చేసేముందు అప్‌డేట్ అంటుంది. ప్రతిసారీ అంటుంది. మనం కూర్చునేది రెండు గంటలైతే అందులో ముప్పావుగంట దానికే పోతుంది. ముప్పై ఏడు శాతం దగ్గర ఆగిన గీతను చూస్తూ నేను గడిపిన మధ్యాహ్నాలన్నీ కలిపితే ఒక ఎండాకాలం అవుతుందేమో.

సత్తెనపల్లి బజారు రెండింటికి నిద్రపోతుంది. తొమ్మిదింటికి కొట్టు తెరిచి అప్పటిదాకా నిలబడే ఉంటాను. ఒక్క చీర కొనడానికి ముగ్గురు వస్తారు. నలభై చీరలు విప్పిస్తారు. అంచు బాగుందంటారు, రంగు బాలేదంటారు, ఆ రంగులోనే ఈ అంచు కావాలంటారు. ఆఖరికి "మా వదినను తీసుకొస్తాం" అని లేచిపోతారు. వాళ్ళు వెళ్ళాక అన్నీ మడత పెట్టేసరికి నా మోకాళ్ళు వేరేవాళ్ళవైపోతాయి. మా ఆయన భోజనానికి ఇంటికి వెళ్ళి నాలుగింటిదాకా పడుకుంటాడు. నేను షట్టరు సగం దించి, ఫ్యాను కింద బల్ల మీద డబ్బా తెరిచి, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో లాంచర్ తెరుస్తాను.

సిగ్గు విడిచి ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ లాంచర్‌లో నేను పదకొండు ఆటలు కొన్నాను. ఆడింది ఒక్కటే. మిగతా పదీ ధర తగ్గించారని కొన్నాను. పెద్ద అంకె మీద ఎర్ర గీత కొట్టి కింద చిన్న అంకె చూపిస్తారు. ఆషాఢమాసం వస్తే మా కొట్లో ఆ ఎర్ర గీతలు స్కెచ్ పెన్నుతో గీసేది నేనే. గీసేముందు పై అంకెను ఎట్లా లావు చేస్తామో నాకు తెలుసు. తెలిసి కూడా ఇంకొకడు గీసిన గీత కనిపిస్తే పర్సు తెరుస్తాను. ఒకసారి వాళ్ళ సహాయం కిటికీ తెరిచి, ఇన్నేళ్ళుగా మీ దగ్గరే కొంటున్నాం, కాస్త చూసి వేసుకోండి అని నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. "మీకు ఇంకేమైనా సహాయం కావాలా?" అని జవాబు వచ్చింది. ఇంకో రకంగా రాశాను. అదే జవాబు. మూడోసారి కొంచెం నిష్ఠూరంగా రాశాను. అదే జవాబు. అంత గట్టి వ్యాపారిని నేను మా బజార్లో కూడా చూడలేదనుకున్నాను. అది మిషన్ అని తర్వాత తెలిసింది.

ఆ మిషన్ సంగతి చెబితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది నా స్నేహితురాలు. నా లాంచర్‌లో ఉన్నది ఆ ఒక్క పేరే.

తను, నేను గుంటూరులో డిగ్రీ కలిసి చదివాం. కంప్యూటర్ల గ్రూపు. ల్యాబ్ అటెండరు భోజనానికి వెళ్ళగానే సీడీ పెట్టి ఒకే మిషను ముందు ఇద్దరం కూర్చుని ఊళ్ళు కట్టే ఆట ఆడేవాళ్ళం. తర్వాత నేను నాన్న కొట్టుకే వచ్చి పడ్డాను. తనకు పొదిలి సంబంధం కుదిరింది. అక్కడ మండలాఫీసు పక్కన జిరాక్సు, ఆన్‌లైను సెంటరు నడుపుతుంది. పింఛన్లు, హాల్‌టిక్కెట్లు, ఆధార్ మార్పులు, అన్నీ తన కిటికీ దగ్గరికే. చాలా ఏళ్ళు మా మధ్య పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ లేవు. నాలుగేళ్ళ కిందట ఒకరోజు తనే రాసింది. మన ఆట కొత్తగా వచ్చిందే, ఇప్పుడు ఇద్దరు కలిసి ఒకే ఊరు కట్టొచ్చట అని.

అప్పటినుంచి రోజూ రెండింటికి పచ్చ చుక్క వెలిగేది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకునేవాళ్ళం.

"ఏమే, వచ్చావా?"

"యాడ? అప్‌డేట్ అంట. నలభై శాతం."

"మీ సత్తెనపల్లి నెట్టు ఎడ్లబండి."

"మీ పొదిలి నెట్టు విమానం మరి."

"మాకు కనీసం కరెంటన్నా ఉంది."

"ఉందని చెప్పమాకే. వినిందంటే పోద్ది."

నిజంగానే పోయేది. తన పేరు పక్కన చుక్క బూడిద రంగులోకి మారేది. నేను ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని.

ఆటలో ఊరికి పేరు పెట్టమని అడిగింది. ఒక పేరు మీద ఇద్దరికీ కుదరక "ఊరు" అనే పెట్టాం. మొదలుపెట్టింది నా ఖాతాలోంచి కాబట్టి తాళం నాది. తను లోపలికి రావాలంటే నేను అనుమతి ఇవ్వాలి. పొలాలు, కాలవలు తను చూసుకునేది. రాతిగని, బజారు నావి. ఆ ఆటలో ఏదో ఎర్ర పంట ఉంటుంది. తను దాన్ని మిరప అనేది. వాళ్ళ నాన్న మిరప రైతు. తెర మీద బొమ్మ పంటకు కూడా ఆకుముడత వస్తుందేమోనని కంగారుపడేది.

ఇక రాళ్ళ బేరం. తనకు కాలవ గట్టుకు రాళ్ళు కావాలి. రాళ్ళు నా దగ్గరుంటాయి.

"పది రాళ్ళు ఇవ్వవే."

"పదా? ఏడిస్తా. నాలుగు బస్తాల గింజలు పంపు."

"ఆ గింజలు తినేది కూడా నీ ఊరేగదే!"

"అదంతా నాకు తెలీదు. బోణీ బేరం, కాదనకు."

"మధ్యాన్నం రెండింటికి బోణీ ఏందే?"

"మా కొట్టుకు రెండోసారి తెల్లారింది."

అట్లా సాగదీసి సాగదీసి ఆఖరికి తొమ్మిది ఇచ్చేదాన్ని. ఆ పదో రాయిని ఎందుకు మిగుల్చుకునేదాన్నో నాకే తెలీదు. దానితో నాకేం పనిలేదు. బేరం ఆడకుండా ఇచ్చేస్తే ఆ వస్తువుకు విలువ లేదన్నట్టుగా మా ఇంట్లో పెంచారు. వంకాయలవాడి దగ్గర మా అమ్మ బేరమాడకుండా కొన్న రోజు ఆమెకు ఒంట్లో బాగాలేదని అర్థం చేసుకునేవాళ్ళం.

పోయిన ఏడాది చివరినుంచి తన జవాబులు చిన్నవయ్యాయి. ఏడు అంటే "సరే" అనేది. ఆరు అన్నా "సరే" అనేది. కొట్లో ఎవరైనా మొదటి మాటకే సరే అంటే నేను వాళ్ళ మొహం చూసి నోటు వెలుతురులో పెట్టి చూస్తాను. తన సరేను మాత్రం నా గెలుపనుకున్నాను.

ఈ ఎండాకాలం ఒకరోజు లాంచర్ తెరిచేసరికి తన చుక్క పచ్చగా ఉంది. కింద చిన్న అక్షరాల్లో, వేరే నలుగురితో కలిసి ఆటలో ఉందని చూపించింది. గంటా పన్నెండు నిమిషాలుగా అని కూడా చూపించింది. "రావే" అని రాశాను. జవాబు లేదు. మర్నాడూ అంతే. వేరే ఊరు, వేరే మనుషులు.

మా బజార్లో కూడా ఎవరు ఏ కొట్టెక్కారో అందరికీ తెలుస్తుంది. కానీ పాత ఖాతాదారు ఎదురు కొట్లో కొని వస్తుంటే ఆ కవరును కొంగు చాటున పెట్టుకుని, మా గుమ్మం దాటేదాకా రోడ్డుకు అటుపక్కన నడుస్తుంది. మేం కూడా అప్పుడే ఏదో పని ఉన్నట్టు లోపలికి తిరుగుతాం. లాంచర్‌కు ఆ మర్యాద తెలియదు. ఎవరితో, ఏం, ఎంతసేపు అని నా మొహం మీదే చెప్పేస్తుంది.

మూడోరోజు పట్టుకున్నాను.

"ఎవరే వాళ్ళు?"

"ఎవరో. ఆటలోనే పరిచయం."

"మన ఊరికి రావా?"

"వస్తాలే. ఇయ్యాల కాదు. నీరసంగా ఉంది."

"నీరసంగా ఉంటే వాళ్ళతో ఎట్టా ఆడతన్నావు?"

ఏదో రాస్తున్నట్టు మూడు చుక్కలు ఆడాయి. ఆగాయి. మళ్ళీ ఆడాయి. ఆ తర్వాత ఏమీ రాలేదు.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. మా కొట్టుకు మూడు మెట్లు. బేరం తెగక మనిషి లేచిపోతుంటే నాన్న గల్లా పెట్టె దగ్గర్నుంచి కదిలేవాడు కాదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. "మొహం చూడమాకు, కాళ్ళు చూడు. నిజంగా పోయేవాళ్ళ కాళ్ళు గబగబా పడతాయి. పిలిపించుకోవాలని పోయేవాళ్ళ కాళ్ళు మెట్టు మెట్టుకీ ఆగుతాయి. రెండో మెట్టు దాకా పిలవకూడదు. మూడోది దాటనియ్యకూడదు." అంటూనే రెండో మెట్టు మీద అందుకునేవాడు. "అమ్మా, ఇట్టా రా తల్లీ, అంత కోపమేంది, నీ మాటే కానియ్యి." మనిషి వెనక్కి తిరిగేది. ఎప్పుడూ తిరిగేది. కొనడానికి మేం వేరే కొట్లకు వెళ్ళినా అంతే. లేచి నడవడమంటే మాకు వెళ్ళిపోవడం కాదు. కూర్చుని మాట్లాడుకుందామని చెప్పడం.

కాబట్టి నేను లేచాను.

తన పేరు మీద నొక్కితే కింద నాలుగు మాటలు వచ్చాయి. ఆఖరిది స్నేహితుల జాబితాలోంచి తొలగించు అని. నొక్కాను. నిజంగానే తొలగించమంటారా, ఉమ్మడిగా కట్టిన ఊళ్ళకు ఈ స్నేహితురాలికి ఇకమీదట దారి ఉండదు అని అడిగింది. అది చదివాను. చదవలేదని అబద్ధం చెప్పను. దాన్ని రెండో మెట్టు అనుకున్నాను. ఔనని నొక్కాను. నొక్కి, డబ్బా కడుక్కొచ్చి, ఫోను బల్ల మీద వెల్లకిలా పెట్టి కూర్చున్నాను. నాలుగింటికి షట్టరు ఎత్తేలోపల ఫోన్ వస్తుందని నా లెక్క.

రాలేదు.

మర్నాడు వస్తుందనుకున్నాను. మర్నాడూ రాలేదు. లాంచర్ తెరిస్తే కుడి పక్కన ఖాళీ. పేరే లేనప్పుడు చుక్క ఎక్కడ వెలుగుతుంది? స్నేహితులను వెతకండి అని అక్కడొక ప్రకటన పెట్టారు. నా వైపునుంచి ఊరు మొత్తం నాదే. గని నాదే, పొలమూ నాదే. తను ఏ పంటకు ఎప్పుడు నీళ్ళు వదిలేదో నాకు తెలియదు. గుర్తొచ్చినప్పుడల్లా అన్నిటికీ ఒకేసారి వదిలేశాను. ఎర్ర పంట సగం కుళ్ళింది. అడిగేవాళ్ళు లేని రాళ్ళు గోదాములో పేరుకుపోయాయి.

వారం దాటాక మా ఆయన కనిపెట్టాడు.

"ఏంటి, యాంటీవైరస్ పనిచెయ్యట్లేదా?"

సంగతి చెప్పాను.

"ఫోన్ చెయ్యరాదూ?"

"నేనా? ముందు నేనే చేస్తే ఇంక నా మాట ఏం చెల్లుద్దండీ?"

"ఇది బేరమా?"

ఆయన గంజితో బిరుసెక్కిన కొత్త లుంగీల కట్ట విప్పుతూ, ఊరికే అడిగినట్టు అడిగాడు. నేను ఆ కట్టకున్న తాడు చుట్టడం మొదలుపెట్టాను. మామూలుగా మా ఇంట్లో ఆఖరి మాట నాది.

ఆ తర్వాత రెండురోజులకు ఒంటిగంట దాటాక ఒకామె వచ్చింది. పల్లెటూరి మనిషి, మా అమ్మ వయసుంటుంది. కూతురి సీమంతానికి చీర. పొద్దున్నుంచి వచ్చిన వరసలో ఆమె ఆఖరుది. ధర దగ్గర కుదరలేదు. పెద్ద తేడా కూడా కాదు. "పోనీలే అమ్మాయ్" అని లేచింది. నేను మడతలు పెడుతున్నాను. మొదటి మెట్టు దిగడం చూశాను. రెండో మెట్టు మీద చెప్పు సరిచేసుకోవడం చూశాను. ఆ చెప్పుకు ఏమీ కాలేదని నాకు తెలుసు. ఆమె పిలవమంటోందనీ తెలుసు. నోరు తెరవాలి, అంతే. అప్పటికి పొద్దున్నుంచి ఎంతమందిని తల్లీ, అమ్మా, అక్కా అని పిలిచానో. ఇంకొక్క మాటకు గొంతులో తడి లేదు. మూడో మెట్టు కూడా దిగింది. రోడ్డు మీదికి వెళ్ళి, సోడా బండి దగ్గర ఒక్కసారి వెనక్కి చూసి, ఎండలో అట్లాగే వెళ్ళిపోయింది.

ఆమె మీద నాకు కోపం లేదు. ఆ ధరకు ఇవ్వకూడదనీ లేదు. చీర కూడా ఆమెకు బాగుండేది. ఊరికే పిలవలేదు. లోపల కూర్చున్నవాళ్ళకు అట్లా కూడా ఉంటుందని ఇన్నేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు. నాన్న ఎప్పుడూ మెట్ల మీద కాళ్ళ గురించే చెప్పాడు. గల్లా పెట్టె దగ్గర మనిషి అలిసిపోవడం గురించి చెప్పలేదు.

రెండింటికి ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది.

"ఆఁ, చెప్పండి."

"నేనే."

"తెలుసు. పేరు కనపడతంది. చెప్పండి."

ఇరవయ్యేళ్ళలో తను నన్ను "అండి" అనడం అదే మొదలు. పెళ్ళికి పిలవడానికి కార్డు ఇచ్చినప్పుడు కూడా "రాకపోయావో చంపుతా" అనే అంది.

"ఆ అండీ ఏందే?"

"పేరు తీసేసినోళ్ళని ఏమనాలో నాకు తెలవదు. మర్యాదగా ఉంటే గొడవ లేదుగా."

"చూశావా?"

"ఆ రోజే చూశా. నీరసం తగ్గాక మన ఊళ్ళోకి పోదామని తెరిచా. నువ్వు కోప్పడ్డావుగా, రెండు కాలవలు తవ్వి పెడితే చల్లబడతావనుకున్నా. గేటు తియ్యలా. మీకు అనుమతి లేదు అని వచ్చింది. రెండు నిమిషాలు దాన్నే చూస్తా కూర్చున్నా. కిటికీ దగ్గర ముసలాయన వేలిముద్రకు వేలు చాపుకుని నిలబడున్నాడు, సర్వరు రాలేదా అమ్మాయ్ అని. రాలేదు తాతా అన్నా."

అటువైపు జిరాక్సు మిషను కాయితాలు లాక్కుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"మరి ఒక్క ఫోన్ చెయ్యొచ్చుగా" అన్నాను ఆఖరికి. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినపడింది. "చూస్తా కూర్చున్నానే నేను."

"నువ్వు పోయి, నేను ఫోన్ చెయ్యాల్నా?"

"పిలుస్తావనే పోయా."

"ఏందీ?"

చెప్పాను. మెట్ల సంగతి, నాన్న సంగతి, రెండో మెట్టు సంగతి. చెబుతుంటే నాకే అది ఎంత పిచ్చిగా ఉందో తెలుస్తోంది. ఒక మనిషిని గెంటి తలుపేసి, ఆమే వచ్చి నన్ను బతిమాలుతుందని ఎదురుచూస్తూ కూర్చున్నాను. పైగా గేటుకు లోపలివైపు ఉన్నది నేను.

తను నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నీ బట్టల కొట్టు తెలివి నాకు లేదే. మా ఇంట్లో బయల్దేరిన మనిషిని వెనకనుంచి పిలిస్తే మా నాయనమ్మ మూతి మీద కొట్టేది. నాన్న మిరపకాయల లోడుతో గుంటూరు యార్డుకు బయల్దేరతాడా, సద్ది డబ్బా మర్చిపోయినా సరే, నాన్నా అని పిలవకూడదు. అడ్డదారిన ఉరికి, ముందుకెళ్ళి ఎదురు నిలబడి చేతిలో పెట్టాలి."

"మరి నా ముందుకొచ్చి నిలబడొచ్చుగదే."

"ఓపిక లేదే" అంది తను.

అంతే అంది. 'అండి' మాత్రం పోయింది.

తనే మళ్ళీ మొదలుపెట్టింది. "పొద్దున తొమ్మిదింటినుంచి వాదనేనే నాకు. వేలిముద్ర పడదు. కాయలు కోసి కోసి వాళ్ళ వేళ్ళు అరిగిపోయినయ్. పడకపోతే నన్ను తిడతారు. సర్వరు రాకపోతే నన్ను తిడతారు. అందరికీ ఒకటే చెప్పాలి, చెప్పిందే చెప్పాలి. రెండింటికి లాంచర్ తెరిస్తే నువ్వు. పది రాళ్ళంటే ఏడంటావు. మొదట్లో బాగుండేది. నవ్వొచ్చేది. ఇప్పుడు ఏడన్నావనుకో, ఆ మూడు రాళ్ళ కోసం ఇంకో పది మాటలు మాట్లాడాలని గుర్తొచ్చి ఒళ్ళు బరువెక్కుద్ది. ఆ నలుగురూ ఎవరో నాకు తెలవదు. అడిగితే ఇస్తారు. ఒక్కోసారి అడక్కపోయినా పెట్టిపోతారు. నేను వాళ్ళతో మాట్లాడేదే లేదు. అందుకే పోయా. నీ మీద కోపం ఉండి కాదు."

"ముందే చెప్పొచ్చుగా."

"చెప్తే దానికీ బేరమాడతావని."

ఆడేదాన్నే.

"ఇప్పుడేం చేద్దామే?" అన్నాను.

ఎవరో పెద్దావిడ "అమ్మాయ్, నా కార్డు" అంటోంది. "ఆగు పెద్దమ్మా" అని తను కాసేపు పక్కకు వెళ్ళి వచ్చింది.

"మంగళారం, శుక్రారం వస్తా. మిగతా రోజులు అటు పోతా. నేనడిగింది అడిగినట్టు ఇస్తే ఉంటా. ఏడు, ఎనిమిది అన్నావో, మూసేసి పోతా. మళ్ళీ ఫోన్‌లు అవీ నావల్ల కాదు."

రెండు రోజులు. వారంలో ఏడు రోజులూ నాదైన మనిషి. రెండు అన్నప్పుడు నాలుగు అడిగి మూడు దగ్గర ఆగాలని మా ఇంట్లో నడక రాని పిల్లలకు కూడా తెలుసు. సోమవారం కూడా కలపవే, సోమవారం నీకు జనం తక్కువగా అనే మాట నాలుక చివరికి వచ్చి నిలబడింది. మంచి మాటే. గట్టిగా పట్టుకుంటే దిగి వచ్చేదేమో కూడా. అంతకుముందు చెప్పిన 'ఓపిక లేదే' ఇంకా చెవిలో ఉంది.

"సరే" అన్నాను.

"ఏంటే, సరేనా?"

"సరేనే."

"ఏదో మెలిక పెట్టావు."

"మెలికేం లేదు."

"నేన్నమ్మను."

"నమ్మమాకు. మంగళారం రా."

ఫోన్ చెవి దగ్గరుండగానే తన పేరు వెతికి మళ్ళీ స్నేహానికి అడిగాను. వచ్చిందా అంటే వచ్చింది, జనం ఉన్నారు, తర్వాత చూస్తా అంది. తీసెయ్యడానికి అరక్షణం పట్టింది. తను ఒప్పుకునేదాకా, సాయంత్రం ఆరున్నర వరకు, ప్రతి బిల్లుకూ మధ్యలో లాంచర్ తెరిచి చూశాను. ఒకాయనకు చొక్కా గుడ్డ బదులు చీర అంచుకు కుట్టే ఫాల్సుకు బిల్లు కొట్టాను. ఆయన మంచివాడు, తిట్టలేదు.

మంగళవారం రెండూ ఇరవైకి చుక్క వెలిగింది.

"ఏం చేశావే నా పొలాన్ని?"

"నీళ్ళు పెట్టా."

"ఎన్నిసార్లు?"

"గుర్తొచ్చినప్పుడల్లా."

"నువ్వు చీరలమ్ముకో తల్లీ" అని రాసి, కుళ్ళిన పంట తీయడం మొదలుపెట్టింది. పాతిక నిమిషాలు అదే పని. నేను గనిలో అటూ ఇటూ తిరిగాను. తర్వాత పన్నెండు రాళ్ళు కావాలంది. పన్నెండూ పంపాను. అటువైపు మూడు చుక్కలు ఆడాయి.

"ఇంకేం అడగవా?"

"అడగను."

"అబ్బో" అని రాసింది.

నిజం చెప్పాలంటే ఆ రోజు ఆట నాకు చప్పగా ఉంది. అడగ్గానే ఇచ్చెయ్యడంలో నాకింకా రుచి తెలియలేదు. చేతులు ఊరికే ఉన్నాయి. కానీ తను నాలుగింటిదాకా ఉంది. అంతకుముందు మూడు నెలల్లో ఒక్కసారి కూడా అంతసేపు లేదు.

బుధవారం తన చుక్క పచ్చగానే ఉంది, కింద ఆ నలుగురి ఊరు. ఎంతసేపటినుంచో కూడా చూపించింది. చూడకూడదనుకుంటూనే చూశాను. యాభై నిమిషాలు. లాంచర్ మూసి, ఫ్యాను కింద తలగడ వేసుకుని పడుకున్నాను. నిద్ర పట్టలేదు, నడుము మాత్రం కాస్త వాలింది.

శుక్రవారం రాలేదు. సర్వరు బాగా పనిచేస్తోందట, కిటికీ ముందు వరస ఆఫీసు గేటు దాకా ఉందట, ఒక్క ముక్క రాసి పెట్టింది. నేను సరే అని రాశాను. దాని వెనక ఏమీ తగిలించలేదు. ఒక రోజు బాకీ అని రాద్దామనిపించింది, రాయలేదు.

శనివారం రెండింటికి అప్‌డేట్ ఇరవై శాతం దగ్గర ఉండగా తన పేరు పక్కన చుక్క వెలిగింది, కింద మా ఊరి పేరు. నేను అడగలేదు. తనే వచ్చింది.